ఒక్కరి వల్ల ఏమవుతుంది అన్నారు కదా, ముందు మీ అపార్ట్‌మెంట్ కామన్ మీటర్ బిల్లు చూడండి

మీరు అడిగింది ఇదీ: ఊరు కదిరి దగ్గర, ఉద్యోగం బెంగళూరులో, ఉండేది మారతహళ్లిలో అద్దె ఫ్లాట్. రెండేళ్లుగా ఏసీ తగ్గించారు, ఆఫీసుకు బస్సులో వెళ్తున్నారు, ఎన్నో పిటిషన్ల మీద సంతకాలు పెట్టారు. అయినా మీ చుట్టూ ఏమీ మారలేదు. ఇన్ని బొగ్గు ప్లాంట్లున్న దేశంలో నా ఒక్కరి వల్ల ఏమవుతుంది, సొంత ఇల్లు కూడా లేనివాళ్లు సోలార్ గురించి మాట్లాడి ఏం లాభం, అసలు సామాజిక మార్పు ఎలా వస్తుంది అని అడిగారు.

నేను 22 ఏళ్లుగా ఎనర్జీ ఆడిట్లు, అంటే కరెంటు ఎక్కడెంత ఖర్చవుతోందో లెక్కతీసే పని, చేస్తున్నాను. మొదట్లో ఫ్యాక్టరీలు, ఆస్పత్రులు, ఇప్పుడు ఎక్కువగా అపార్ట్‌మెంట్లు. పుట్టింది మడకశిరలో, ఉండేది బాణసవాడిలో. మీ ప్రశ్న చదివాక రెండు మూడు రోజులు మనసులోంచి పోలేదు. ఇదే ప్రశ్న నన్నూ చాలాకాలం వేధించింది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఒక లెక్క. మామూలు సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్లు చాలు. రోజుకు 12 గంటలు తిరిగే ఫ్యాన్‌ను మారిస్తే నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. మన గ్రిడ్‌లో ఒక్కో యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అంటే ఒక్క ఫ్యాన్‌తో నెలకు 11 కిలోలు తగ్గుతుంది. కర్ణాటకకు కరెంటిచ్చే రాయచూరు థర్మల్ స్టేషన్‌కు మన సింగరేణి బొగ్గు కూడా వెళ్తుంది. కొత్తగూడెం వైపు నేల కింద నుంచి తవ్విన బొగ్గుకీ, మారతహళ్లిలో మీ గదిలో తిరిగే ఫ్యాన్‌కీ సంబంధం ఉంది. కాబట్టి మీరు చేసింది చిన్న పనేమీ కాదు.

కానీ మీ నిరాశ అక్కడి నుంచే వస్తోందని నాకనిపిస్తోంది. మీరు మీ వాటా ఎంత తగ్గిందో చూసుకుంటున్నారు. మీ వాటా మొత్తం సున్నా చేసినా దేశం లెక్కలో అది కనబడదు. ఒక మనిషి బలం తన వాటాలో ఉండదు. పదిమంది కలిసి ఒక నిర్ణయం తీసుకునే చోట ఆ మనిషి కూర్చుని ఉన్నాడా లేదా అన్నదాంట్లో ఉంటుంది. ఆ చోటు ఎక్కడో వెతుక్కోవడమే మొదటి పని. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకు అది చాలా దగ్గర్లో ఉంటుంది: కామన్ మీటర్, అంటే అందరూ కలిసి వాడుకునే వాటికి ఉన్న కరెంటు మీటరు.

ఎందుకో చెప్తాను. కర్ణాటకలో 2023 నుంచి రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడే చాలా ఇళ్లకు బిల్లు సున్నా వస్తోంది. పేదవాళ్లకు అది పెద్ద ఊరట, నేను దాన్ని తప్పుపట్టను. అయితే సున్నా బిల్లు వచ్చే ఇంట్లో కరెంటు ఆదా గురించి మాట్లాడితే వినేవాళ్లు తక్కువ. లిఫ్టు, నీళ్ల మోటార్లు, సెల్లార్ లైట్లు, ఎస్‌టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) నడిచే మీటరు సంగతి అలా కాదు. దాని బిల్లు ప్రతి నెలా అందరి మెయింటెనెన్స్‌లోంచి పోతుంది, ఆ బిల్లును ఎవరూ చూడరు. ట్రెజరర్ ఆన్‌లైన్‌లో కట్టేస్తారు, అంతే.

మా అపార్ట్‌మెంట్లో 64 ఫ్లాట్లు. 2020లో జనరల్ బాడీ మీటింగ్‌లో నేను భూతాపం గురించి స్లైడ్లు వేసి 40 నిమిషాలు మాట్లాడాను. అందరూ మర్యాదగా విన్నారు, ఒక్క ప్రశ్న కూడా రాలేదు. మీటింగ్ అయిపోగానే పార్కింగ్ గొడవ మొదలైంది. ఆ రాత్రి చాలా బాధపడ్డాను. మరుసటి వారం స్లైడ్లు పక్కనబెట్టి, మా ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని సెల్లార్‌లోకి దిగాను.

సెల్లార్‌లో 90 ట్యూబ్‌లైట్లున్నాయి, అన్నీ పాత చోక్ రకం. ఒక్కొక్కటి చోక్‌తో కలిపి 50 వాట్ల దాకా లాగుతుంది. పగలూ రాత్రీ వెలుగుతూనే ఉన్నాయి. "మధ్యాహ్నం పూట ఎందుకయ్యా ఇన్ని?" అని అడిగాను. "స్విచ్ ఒక్కటే మేడం. ఆపితే మొత్తం చీకటి" అన్నాడు. ఆ ప్యానెల్ తెరిచి చూపించాడు. నిజంగానే ఒకే ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్), దాని పక్కన స్కెచ్ పెన్నుతో 'ఆపవద్దు' అని కన్నడంలో రాసి ఉంది. బిల్డర్ వదిలిపోయిన రోజు నుంచి పదకొండేళ్లు ఆ లైట్లు ఆరలేదు. 90 లైట్లు, 50 వాట్లు, 24 గంటలు. రోజుకు 108 యూనిట్లు. ఒక మామూలు కుటుంబం నెలంతా వాడుకునే కరెంటు మా సెల్లార్‌లో ఒక్క రోజులో అయిపోతోంది.

ఈసారి మీటింగ్‌కు గత పన్నెండు నెలల బిల్లులు, ఆ ఎంసీబీ ఫోటో మాత్రం తీసుకెళ్లాను. పది నిమిషాల్లో మాట ముగించాను. ట్యూబ్‌ల స్థానంలో 20 వాట్ల ఎల్‌ఈడీలు పెట్టి, వైరింగ్‌ను మూడు సర్క్యూట్లుగా విడగొడదామన్నాను. 2021లో పని పూర్తయింది. ఒక్క ఎల్‌ఈడీల వల్లే నెలకు 1,900 యూనిట్ల పైన తగ్గింది. అప్పుడు నేను కమిటీని ఒకే ఒక్క విషయం పట్టుబట్టి అడిగాను: మిగిలిన డబ్బును మెయింటెనెన్స్‌లో కలపొద్దు, వేరే ఖాతాలో వెయ్యండి, ప్రతి నెలా ఎంత చేరిందో లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద పెట్టండి. నన్నడిగితే మొత్తం కథలో అన్నిటికన్నా పనికొచ్చిన నిర్ణయం ఇదే. మూడేళ్లలో ఆ ఖాతాలో ఐదు లక్షలు చేరాయి. లిఫ్టు కోసం నిలబడ్డ ప్రతివాళ్లూ ఆ అంకె చూశారు. సోలార్ మాట ఎత్తే సమయానికి "డబ్బులెక్కడివి" అని అడిగేవాళ్లే లేకుండా పోయారు.

2024లో కేంద్రం మిద్దెల మీద సోలార్ కోసం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. సొంత ఇళ్లకు 3 కిలోవాట్లు పెడితే గరిష్ఠంగా 78,000 రూపాయల సబ్సిడీ అని అందరికీ తెలుసు. అపార్ట్‌మెంట్ సంఘాలకు కూడా కామన్ వాడకం కోసం కిలోవాట్‌కు 18,000 చొప్పున ఇస్తారన్న సంగతి చాలామందికి తెలియదు. మేము 30 కిలోవాట్లు పెట్టాం. ఎత్తైన స్ట్రక్చర్‌తో కలిపి సుమారు 18 లక్షలైంది. ఐదు లక్షలు ఆ ఖాతాలోంచి, ఇంటికి 12 వేల చొప్పున వసూలు, సబ్సిడీ తర్వాత వస్తుంది కాబట్టి ఆ మేరకు కార్పస్ ఫండ్ (సంఘం దాచుకున్న నిధి) నుంచి సర్దుబాటు. మన వైపు ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది, వంద చదరపు అడుగుల నీడలేని మిద్దె కావాలి. ఈ రెండు అంకెలు గుర్తుంచుకుంటే ఏ సేల్స్‌మన్ చెప్పే మాటనైనా మీరే సరిచూసుకోవచ్చు.

మిద్దె దగ్గరే అసలు పోరాటం జరిగింది. మూడో అంతస్తులో ప్రొద్దుటూరు పెద్దమ్మ ఒకావిడ ఉన్నారు. ఏటా వేసవిలో మిద్దె మీద వడియాలు, ఊరమిరపకాయలు ఎండబెట్టి నలుగురికీ పంచుతారు. "మీ అద్దాలు పరిస్తే నా వడియాలెక్కడ ఎండాల? బట్టలెక్కడ ఆరేయాల?" అన్నారు. కమిటీలో కొందరు విసుక్కున్నారు. మీటింగ్ అంతా ఇంగ్లీషులో నడుస్తుంది, ఆవిడ మాట అక్కడ ఎవరికీ ఆనలేదు. నేను వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాను. ఆవిడ భయం వడియాల గురించి మాత్రమే కాదు. మిద్దె మీదికి తాళం పడుతుందని, సాయంత్రం నలుగురు ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకునే చోటు పోతుందని. ప్లాన్ కాగితం పరిచి, తూర్పు వైపు మూల మొత్తం ఖాళీగా వదిలేస్తామని గీత గీసి చూపించాం. ప్యానెళ్లను ఎనిమిదడుగుల ఎత్తులో బిగించాం, కిందంతా నడవొచ్చు. ఆవిడ చివరిదాకా ఓటు వెయ్యలేదు. కానీ అడ్డు చెప్పడం మానేశారు, మాకు అంతే కావలసింది. మార్పు కోరేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదేనని నా ఉద్దేశం: అందరినీ తమ అభిప్రాయానికి తిప్పాలని చూస్తారు. ఎవరేం పోగొట్టుకుంటామని భయపడుతున్నారో ముందు తెలుసుకుంటే చాలా గొడవలు రావు.

ఒక తప్పు కూడా చెప్తాను, మీకు పనికొస్తుంది. మాకు ప్యానెళ్లు బిగించిన కంపెనీ సర్వే చేసింది మే నెలలో. అప్పుడు మన ఊళ్లో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, నీడలు కాళ్ల కిందే ఉంటాయి. డిసెంబరు వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి వంగాడు, ఓవర్‌హెడ్ ట్యాంకు నీడ ఉత్తరం వైపు సాగి ఒక వరుస ప్యానెళ్ల మీద పడింది. ప్యానెళ్లు ఒకదాని వెనుక ఒకటి కలిపి ఉంటాయి కాబట్టి కొన్నింటి మీద నీడ పడినా ఆ వరుస మొత్తం దెబ్బతింటుంది. ఆ కంపెనీవాళ్లు ఫోన్లు ఎత్తడం మానేశారు. చివరికి మా ఖర్చుతో నాలుగు ప్యానెళ్లు జరిపించుకున్నాం. ఆడిటర్‌ను అయి ఉండి కూడా ఆ సర్వే కాగితం మీద సంతకం పెట్టింది నేనే. అందుకే ఇప్పుడు ఎవరడిగినా డిసెంబరు నీడ లెక్క చూపించమని అడగండి అంటాను.

మా మిద్దె రోడ్డు మీదికి కనబడుతుంది. ప్యానెళ్లు పెట్టిన ఆరు నెలల్లో పక్క వీధిలోని రెండు అపార్ట్‌మెంట్ల వాళ్లు వచ్చి అడిగారు. మేము వాళ్లకు ఒక ఫైలు ఇచ్చాం: కొటేషన్లు, బెంగళూరు కరెంటు సంస్థ బెస్కామ్‌కు పెట్టిన దరఖాస్తు నకళ్లు, ఒప్పందం, నెలనెలా వచ్చిన యూనిట్లు, పైన చెప్పిన నీడ సంగతి కూడా. మాకు దాదాపు ఏడాది పట్టిన పని వాళ్లలో ఒకరు నాలుగు నెలల్లో పూర్తిచేశారు. సోలార్ అంటువ్యాధిలా పాకుతుందని కాలిఫోర్నియా ఇళ్ల లెక్కలతో ఇద్దరు పరిశోధకులు 2012లోనే చూపించారు. ఒక ప్రాంతంలో ఒక ఇంటిమీద ప్యానెల్ వెలిస్తే, అక్కడ ఇంకో ఇల్లు పెట్టించుకునే అవకాశం కొంచెం పెరుగుతుంది. ఆ కొంచెమే కూడుతూ పోతుంది. మీ ఒక్కరి విలువ ఎంత అన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఆ ఫైలు. మొదటివాళ్లకు కష్టమైన పనిని రెండోవాళ్లకు సులువు చేసి ఇవ్వడం.

సామాజిక మార్పు గురించి కూడా అడిగారు. మనవాళ్లకు దీనికి దూరం వెళ్లక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 90ల మొదట్లో సారా మీద తిరగబడిన ఆడవాళ్లను తలచుకోండి. ఆ పోరాటంలో ముందు నిలిచిన రోశమ్మ పేరు మనందరికీ గుర్తుంది. కానీ ఆ ఊరి ఆడవాళ్లకు ముందు ఒకచోట కూర్చునే వీలు దొరికింది. అక్షరాస్యత ఉద్యమం రాత్రి బడులు పెట్టింది, అక్కడ చదువుతో పాటు ఇంటి బాధలు కూడా మాటల్లోకి వచ్చాయి. ఊళ్లో సారా కొట్టు మూయించారు, పక్క ఊళ్లకు పాకింది, జిల్లా దాటింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు కూడా. గెలిచాక కాపలా కాయడం కూడా పనిలో భాగమేనని నేను అక్కడి నుంచే నేర్చుకున్నాను. మా నోటీసు బోర్డు మీద యూనిట్లు రాయడం ఒక్క నెల ఆపితే ప్యానెళ్లు తుడవడం ఆగిపోతుంది, దుమ్ము పేరుకుంటుంది, ఉత్పత్తి పడిపోతుంది.

బెంగళూరులో చెత్త కథ కూడా ఇలాంటిదే. మండూరు గ్రామస్థులు తమ ఊళ్లో నగరం చెత్త పోయనివ్వమని అడ్డం తిరిగారు, 2014 చివర్లో అది ఆగింది. ఈలోగా కొన్ని లేఅవుట్లలో ఇల్లిల్లూ తిరిగి తడిచెత్త, పొడిచెత్త వేరు చేయించినవాళ్లు ఉన్నారు, చాలామంది గృహిణులే. రెండు డబ్బాలు, ఒక సంచి పద్ధతి (తడిచెత్తకో డబ్బా, శానిటరీ చెత్తకో డబ్బా, పొడిచెత్తకు సంచి) ముందే కొన్ని చోట్ల నడిచి చూపించింది కాబట్టే 2015లో హైకోర్టు దాన్ని నగరమంతటికీ తప్పనిసరి చేయగలిగింది. చేసి చూపించినవాళ్లు లేకపోతే ఆ ఆదేశం కాగితం మీదే ఉండిపోయేది.

ఎంతమంది కలిస్తే చాలు అని కూడా అడుగుతారేమో. 2018లో అమెరికాలో చిన్న గుంపులతో ఒక ప్రయోగం చేశారు. పట్టుదలగా ఉన్నవాళ్లు నాలుగో వంతు దాకా చేరితే గుంపు అలవాటు మొత్తం తిరగబడింది. ప్రయోగశాల ఫలితాన్ని అలాగే తెచ్చి మన మీటింగ్‌కు అతికించలేం. అయినా 64 ఇళ్లలో మాకు మొదటినుంచీ గట్టిగా నిలబడినవి పద్నాలుగు ఇళ్లే.

ఇక నాకు మనసుకు దగ్గరగా ఉన్న విషయం. మా మేనత్త ఊరు పావగడ తాలూకాలో ఉంది. తుమకూరు జిల్లా అయినా అక్కడ ఇళ్లలో తెలుగే ఎక్కువ వినబడుతుంది. తిరుమణి, వల్లూరు చుట్టుపక్కల 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. భూమి కొనలేదు, రైతుల దగ్గర ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో కౌలుకు తీసుకున్నారు. వానలు లేక వేరుశనగ ఏటా ఎండిపోయే నేల అది, పొలం ఉన్న మా అత్తకు ఆ డబ్బు నిలకడ ఇచ్చింది. కానీ వాళ్ల పొలంలో కలుపు తీసిన ఓబులమ్మకు భూమి లేదు. కౌలు రాలేదు, కూలి పోయింది, గొర్రెలు మేపే బీడు కంచె లోపలికి వెళ్లిపోయింది. కరెంటు బొగ్గుది కానంత మాత్రాన దాని వెనుక అన్యాయం లేదనుకోకండి. సోలార్ కోసం మాట్లాడేవాళ్లే ఓబులమ్మ గురించి కూడా మాట్లాడాలి, లేకపోతే ఊళ్లలో మన మాట ఎవరూ నమ్మరు.

ఈ విషయంలో పేదవాళ్లకు సోలార్ అందించే, బెంగళూరులోనే 1995లో మొదలైన సెల్కో సంస్థ నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన హరీష్ హండేకు 2011లో మెగసెసే అవార్డు వచ్చింది. తోపుడుబండి వ్యాపారికి నెలకు 300 కట్టడం భారం, రోజుకు 10 కట్టడం సులువు అన్న సంగతి ఆయన తరచూ చెప్తారు. లెక్కకు రెండూ ఒకటే. రోజు సంపాదన మీద బతికే మనిషికి మాత్రం ఒకటి కాదు. మీ వీధి చివర ఇస్త్రీ బండి ఆవిడకు, టీ కొట్టతనికి బ్యాంకు కాగితాల్లో సాయం చెయ్యడం కూడా మీరు అడిగిన మార్పులో భాగమే.

పిటిషన్ల కన్నా బలమైనది ఇంకొకటి ఉంది, చాలామందికి తెలియదు. కరెంటు రేట్లు మార్చే ముందు కరెంటు కంపెనీ తన ప్రతిపాదనను బయటపెట్టాలి, విద్యుత్ నియంత్రణ కమిషన్ జనం అభ్యంతరాలు తీసుకుని పరిశీలించాలి. ఇది 2003 విద్యుత్ చట్టంలోనే ఉంది. ఏ వినియోగదారుడైనా రాయొచ్చు, బహిరంగ విచారణలో లేచి మాట్లాడొచ్చు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు హాల్లో పరిశ్రమల తరఫున లాయర్లు, రైతు సంఘాలవాళ్లు ఉన్నారు. మామూలు ఇళ్ల తరఫున వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మీరు రెండు పేజీలు శుభ్రంగా రాసి ఇస్తే అది రికార్డులోకి వెళ్తుంది, దానికి కంపెనీ జవాబు చెప్పాలి.

అద్దెకున్నవాళ్లు అన్నారు కదా. ఫ్యాన్లు మీవి, ఇల్లు మారితే విప్పుకుని పట్టుకెళ్లొచ్చు. నీళ్లు కారే కుళాయిని వెంటనే బాగుచేయించండి. కావేరి నీళ్లు మండ్య జిల్లా తొరెకాడనహళ్లి నుంచి దాదాపు 100 కిలోమీటర్లు, 500 మీటర్ల ఎత్తుకు మోటార్లతో ఎక్కి ఇక్కడికొస్తాయి, వృథా అయ్యే ప్రతి బిందెలోనూ కరెంటుంది. మీకు సంఘంలో ఓటు లేకపోవచ్చు. బిల్లు చూడటానికి ఓటు అక్కర్లేదు. మీ ఓనర్ దగ్గర ఒక్క ఉత్తరం రాయించుకోండి, తన తరఫున మీటింగ్‌కు మీరు వెళ్లేలా. ఎక్కడో ఉండే ఓనర్లు చాలామంది సంతోషంగా ఇస్తారు.

ఈ ఆదివారం మీ ట్రెజరర్‌ను కలిసి కామన్ మీటర్ గత పన్నెండు నెలల బిల్లులు అడగండి. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్‌తో సెల్లార్‌లోకి దిగి లైట్లు లెక్కపెట్టండి, ఎన్ని స్విచ్‌లున్నాయో చూడండి. శాంక్షన్డ్ లోడ్ (ఆ మీటరుకు మంజూరైన కరెంటు పరిమితి), నెలవారీ యూనిట్లు, లైట్ల సంఖ్య, మోటార్ల హార్స్‌పవర్ నాకు రాసి పంపండి. లెక్క నేను వేసిస్తాను, మీటింగ్‌లో మాట్లాడాల్సింది మీరు.